వెల్డింగ్‌కి ముందు రేకుకి పట్టే తుప్పు: అపోహలు, వాస్తవాలు

పాత జీపులకు ఫ్లోర్ మార్చే పని మా షెడ్డులో ఏడాది పొడుగునా ఉంటుంది. మాది విశాఖలో గాజువాక వైపు. సముద్రపు గాలికి, పెయింట్ గీకేసిన రేకు ఒక్క రాత్రిలో రంగు మారిపోతుంది. ఆ రేకును వెల్డింగ్ పడేదాకా ఎలా కాపాడుకోవాలన్న విషయంలో చాలామంది చెప్పుకునే మాటలు తప్పు. కొన్నయితే ప్రాణానికే ప్రమాదం. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "గ్రైండింగ్ అయిపోయింది కదా, వెల్డింగ్ రేపు చూసుకుందాం."

గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. మన తీరంలో చాలా రోజులు తేమ అంతకంటే ఎక్కువే. రేకు మీద ఉప్పు ఉంటే ఇంకా తక్కువ తేమకే తుప్పు మొదలవుతుంది. ఆ ఉప్పు సముద్రం నుంచే రానక్కర్లేదు, చేతి చెమటలోనూ ఉంటుంది. ఒకసారి రాత్రి గ్రైండ్ చేసి గోడకి ఆనించిన 18 గేజ్ రేకును పొద్దున చూస్తే, పట్టుకుని మోసిన చోట నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు గోధుమ రంగులో అచ్చు గుద్దినట్టు తేలాయి. మిగతా రేకు ఇంకా తెల్లగానే ఉంది. ఆ రోజు నుంచి గీకిన రేకును గ్లౌజు లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వను.

దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదేవాళ్లు ముందు ట్యాంకు అడుగున వాల్వు తిప్పి నీళ్లు వదిలేయాలి. లేకపోతే మన చేత్తో మనమే రేకు మీద నీటి తుంపర చల్లినట్టు. రాత్రికి ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పడమూ మంచిది కాదు. లోపలి తేమ బయటికి పోలేక చల్లబడిన రేకు మీదే చెమ్మగా దిగుతుంది. మేం ఆ రోజు ఎంత అతుకు వేయగలమో అంతే గీకుతాం. ఇంతకంటే మంచి రక్షణ ఏ డబ్బాలోనూ దొరకదు.

అపోహ: "బాత్రూమ్ యాసిడ్ రుద్దితే తుప్పు పీడ పోతుంది."

పైకి కనిపించే తుప్పు పోతుంది, నిజమే. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఎంత కడిగినా దాని క్లోరైడ్ అతుకుల సందుల్లో మిగిలిపోయి, మునుపటికంటే తొందరగా తుప్పు తెస్తుంది. దాని ఆవిరికి పక్కనున్న పానాలు, డ్రిల్ బిట్లు కూడా తుప్పు పడతాయి. ఛాసిస్ గుంటల్లో గ్రైండింగ్ డిస్కు అందని చోటికి ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన రస్ట్ కన్వర్టర్ నయం. అది తుప్పును నల్లటి ఫాస్ఫేట్ పొరగా మారుస్తుంది. కానీ వెల్డ్ పడే చోట ఆ పొర ఉండకూడదు. ఫాస్ఫరస్ కలిస్తే వెల్డు పెళుసవుతుంది, వచ్చే పొగ కూడా విషమే.

అపోహ: "రెడ్ ఆక్సైడ్ కొట్టేసి దాని మీదే రాడ్డు పెట్టొచ్చు."

పెట్టకూడదు. పెయింట్ కాలి గ్యాసు పుడుతుంది. అది కరిగిన లోహంలోంచి బయటికి వస్తూ వెల్డు నిండా బొక్కలు చేస్తుంది. పైన పెయింట్ వేయకుండా వదిలేసిన రెడ్ ఆక్సైడ్ తేమను కూడా ఆపలేదు. వెల్డ్ గీతకి రెండు పక్కలా రెండు అంగుళాలు మాస్కింగ్ టేపు వేసి, మిగతా రేకుకి రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. ఆ రెండు అంగుళాలే ఆఖరి నిమిషంలో మళ్లీ మెరిసేలా గీకాలి.

మరి రెండు రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కే అంచు సంగతి? అతుకు పడ్డాక ఆ సందులోకి బ్రష్షు పోదు, స్ప్రే పోదు. నీళ్లు మాత్రం పోతాయి. జీపు ఫ్లోర్ మళ్లీ కుళ్లడం మొదలయ్యేది అక్కడే. జింక్ ఉండే వెల్డ్-త్రూ ప్రైమర్ పుట్టింది ఆ అంచు కోసమే. ఇనుముకంటే ముందు జింక్ తానే తినబడుతూ రేకును కాపాడుతుంది.

దీన్ని కూడా మందంగా కొట్టి, దాని మీదే సీఓటూ వెల్డింగ్ (గ్యాసు వదులుతూ తీగతో చేసేది) చేసేవాళ్లున్నారు. జింక్ 907 డిగ్రీలకే మరుగుతుంది, ఇనుము కరగాలంటే సుమారు 1538 డిగ్రీలు కావాలి. అంటే ఇనుము కరిగేలోపే జింక్ ఆవిరై పేలుతుంది. నిప్పురవ్వలు చిందుతాయి, పిన్‌హోల్స్ (సూది బెజ్జాలు) పడతాయి. పలచగా ఒక పొర కొట్టి ఆరనివ్వండి. రంధ్రం చేసి నింపే ప్లగ్ వెల్డ్ అయితే, ఆ రంధ్రం అడుగున ప్రైమర్ గీకి తెల్ల రేకు తేల్చండి. రెండు రేకుల్ని నొక్కి కరెంటుతో చుక్కలుగా అతికే స్పాట్ వెల్డింగ్‌కి ఈ బాధ అంతగా ఉండదు. బయటికి కనపడే భాగాల మీద దీన్నే ఆఖరి ప్రైమర్ అనుకుని వదిలేయకండి.

అపోహ: "ఆయిల్ రాసిన రేకుని బ్రేక్ క్లీనర్ కొట్టి వెంటనే వెల్డ్ చేసుకోవచ్చు."

దాచిపెట్టే రేకుకి ఆయిల్ మంచిదే. సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు షాపు నుంచి వచ్చేదే ఆయిల్ పూతతో. సిలికాన్ స్ప్రే మాత్రం వద్దు, తర్వాత పెయింట్ అక్కడ పట్టదు. వెల్డింగ్‌కి ముందు ఆ జిడ్డు ఆనవాలు లేకుండా పోవాలి.

దేంతో తుడుస్తున్నామన్నదే ముఖ్యం. క్లోరిన్ ఉండే బ్రేక్ క్లీనర్లు ఆర్క్ వెలుతురుకి, వేడికి విడిపోయి ఫాస్‌జీన్ అనే విషవాయువు అవుతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన వాయువు ఇదే. పీల్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. డబ్బా మీద 'క్లోరో' అని ఎక్కడ కనిపించినా దాన్ని వెల్డింగ్ దగ్గరికి రానివ్వకండి. ఎసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, తుడిచిన గుడ్డనీ డబ్బానీ దూరంగా పెట్టాకే ఆర్క్ కొట్టండి.

అపోహ: "జీపీ షీటు పొగకి పాలు, బెల్లం విరుగుడు."

జీపీ షీటు అంటే జింక్ పూత ఉన్న రేకు. పాలు, బెల్లం పోయేది కడుపులోకి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. జింక్ పొగ పీల్చిన రోజు సాయంత్రానికి నాకు వణుకు, జ్వరం, నోట్లో లోహపు రుచి. మర్నాటికి తగ్గింది. తగ్గింది కదా అని మళ్లీ పీల్చకూడదు. అంచు మీద జింక్ గీకేయాలి, గాలి ఆడే చోట చేయాలి, వెల్డింగ్ పొగకి సరిపడే రెస్పిరేటర్ పెట్టుకోవాలి. ముక్కుకి తువ్వాలు కడితే చాలదు.

అపోహ: "వెల్డ్ గ్రైండ్ చేసి, పుట్టీ పెట్టి, పెయింట్ కొడితే పని అయిపోయినట్టే."

వెల్డు వెనక్కి టార్చి కొట్టి చూడండి. ముందు వైపు ఎంత నున్నగా ఉన్నా, వెనక ప్రైమర్ కాలి నీలి, బూడిద రంగు చార కనిపిస్తుంది. అక్కడ రేకు పచ్చిగా ఉంది. బ్రష్షు అందితే వైరు బ్రష్షుతో రుద్ది ఎపాక్సీ వేయండి. బాక్స్ సెక్షన్ (పెట్టెలా మూసుకున్న బోలు భాగం) లోపలైతే పెయింట్ పనులన్నీ అయ్యాక పొడుగు నాజిల్‌తో క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో కొట్టే మైనం) కొట్టండి. ముందే కొడితే తర్వాతి వెల్డింగ్ వేడికి అది కరిగి అంటుకుంటుంది. వ్యాక్స్ కొట్టాక అడుగున డ్రైన్ రంధ్రాలు మూసుకుపోయాయేమో ఒక తీగ దూర్చి చూసుకోండి.