ఆపరేషన్ కడుపుకు, నొప్పి కాలికి

మా చిన్నబాపుకు హనుమకొండలో పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. మెలకువ రాగానే ఆయన అడిగింది ఒకటే: “కడుపు కోసిండ్రు గదా, కాలెందుకు గిట్ల గుంజుతాంది?” ఎడమ పిక్క ముట్టుకుంటే చెక్కలా ఉంది. కాలి వేళ్లు కాస్త పైకి వంచితే చాలు, కేక పెట్టాడు. మత్తు దిగేటప్పుడు మామూలేనన్నారు ఆసుపత్రి వాళ్లు. పాదంలో నాడి కొట్టుకుంటోందని చూసి వెళ్లిపోయారు.

ఆపరేషన్ అంతసేపూ ఆయన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి, కాళ్లు ఎడంగా పైకెత్తి ఉంచారు. ఈ పద్ధతి చాలా పాతది. మూత్రాశయంలో రాళ్లు తీయడానికి వచ్చింది. దాని పేరు లిథాటమీకి అర్థమే రాయి కోసి తీయడం. సుశ్రుత సంహితలోనూ రోగి మోకాళ్లు మడిచి కట్టి రాయి తీసే వర్ణన ఉంది. 18వ శతాబ్దంలో లండన్ సర్జన్ విలియం చెసెల్డెన్ ఆ పని నిమిషం అటూ ఇటూగా ముగించేవాడు. మత్తు లేని రోజులు, అంతకు మించి ఎవరూ ఓర్చుకోలేరు. నిమిషంలో కాలికి ఏమీ కాదు.

1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తు ఇచ్చి చూపించాక సర్జన్‌కు సమయం దొరికింది. కాలు తిమ్మిరెక్కితే మనం నిద్రలోనైనా కదుపుకుంటాం. మత్తులో ఉన్న మనిషికి ఆ వీలు లేదు. 1880లలో జర్మనీ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ రోగి తలను కిందికి వాల్చే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. 1939లో లండన్‌లో లాయిడ్ డేవిస్ పెద్దపేగు చివరి భాగం ఆపరేషన్ల కోసం కాళ్లెత్తడం, తల వాల్చడం రెంటినీ కలిపాడు. ఇప్పుడు చిన్న రంధ్రాల గుండా చేసే లాపరోస్కోపీలో కూడా అదే వాలు, గంటల తరబడి.

గుండె కంటే 30 సెంటీమీటర్లు పైకెత్తిన కాలిలో రక్తపోటు పాదరసం కొలతలో దాదాపు 23 మిల్లీమీటర్లు తగ్గుతుంది. రక్తం చాలక కండ దెబ్బతింటుంది. కాళ్లు దించాక రక్తం తిరిగొచ్చి కండ ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న గట్టి పొర మాత్రం సాగదు. లోపల సన్న రక్తనాళాలు నలిగిపోతాయి. పెద్ద నాళంలో రక్తం పారుతూనే ఉంటుంది కాబట్టి పాదంలో నాడి దొరుకుతుంది. ఆ నాడిని నమ్మితేనే మోసం. రక్తం అందని కండ ముడుచుకుపోతుందని జర్మనీ డాక్టర్ ఫోక్‌మాన్ 1881లోనే రాశాడు, ఆయన చూసింది బిగించి కట్టిన కట్ల వల్ల.

ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే ప్రమాదం పెరుగుతుంది. అందుకే మధ్యలో కాళ్లు కాసేపు దించి మళ్లీ ఎత్తాలి. పిక్క గట్టిపడితే ఆ పొరను నిలువునా కోసి వదలాలి, అదీ గంటల్లోనే.

చిన్నబాపుకు ఆ కోత తెల్లారాక పడింది. ఎడమ పాదం ఇప్పటికీ సరిగా పైకి లేవదు. నడుస్తుంటే చెప్పు జారిపోతోందని మడమ వెనక పట్టీ కుట్టించుకున్నాడు.