కాన్పు రోజు వీడియో: అపోహలు – వాస్తవాలు

సీమంతం ఫోటోల పని అవగానే చాలా కుటుంబాలు అడుగుతాయి, “కాన్పు రోజు కూడా తీస్తారా?” అని. తీస్తాం. కాకపోతే దీని మీద హైదరాబాద్‌లో మాకు ఎదురయ్యే అపోహలు కొన్నున్నాయి. అవి ఏడో నెలలోనే తొలగిపోతే ఆ రోజు అందరికీ తేలిక.

అపోహ: కాన్పు వీడియో అంటే కాన్పే చూపించాలి.

అక్కర్లేదు. పది నిమిషాల వీడియోలో లేబర్ రూమ్ భాగం రెండు నిమిషాలు దాటకూడదని మా అభిప్రాయం. మిగతాదంతా బయటే ఉంటుంది: సర్దిపెట్టిన సంచీ, ఉతికి మడతపెట్టిన పాత నూలు చీర ముక్కలు, కారిడార్‌లో కుర్చీ అంచున కూర్చున్న తాతయ్య, సిస్టర్ తలుపు తీసినప్పుడల్లా లేచి నిలబడే అమ్మమ్మ. లోపల కెమెరా ఎప్పుడూ తల్లి తల వైపే. సిజేరియన్ అయితే తెర ఇవతల, మత్తు డాక్టరు పక్కన, ఆయన చూపించిన చోట నిలబడతాం. క్రిములు సోకకుండా ఆకుపచ్చ గుడ్డ పరిచిన ఏ బల్లకూ మీటరు దూరంలోపుకి పోం. కెమెరా బెల్టు వేలాడకుండా ముందే తీసేస్తాం, 70 శాతం ఆల్కహాల్‌తో బాడీ తుడుస్తాం, మైకు మీది బొచ్చు తొడుగు బయటే వదిలేస్తాం.

అపోహ: ప్యాకేజీ డబ్బు కట్టాం, ఆసుపత్రి ఒప్పుకోవాల్సిందే.

అలాంటి నియమమేమీ లేదు. కాన్పు చేసే డాక్టరు, మత్తు డాక్టరు, మేనేజ్‌మెంట్ ముగ్గురూ ఒప్పుకోవాలి. 34–36 వారాల చెకప్‌లోనే కాగితం మీద రాయించుకోండి. ఆ రాత్రి డ్యూటీలో వేరే డాక్టరుంటే పాత నోటిమాట పనికిరాదు. పేట్లబురుజు, సుల్తాన్‌బజార్ లాంటి రద్దీ ప్రసూతి ఆసుపత్రుల్లో లోపల కెమెరా మాటే ఎత్తం. పక్క మంచం మీద ఇంకో తల్లి ఉంటుంది, ఆవిడను అడిగిందెవరు?

అన్నిటికన్నా పెద్ద అనుమతి తల్లిది. సంతకం పెట్టాక కూడా నొప్పుల మధ్య “వద్దు” అన్నదంటే అక్కడితో ఆపేయాలి, భర్త బతిమాలినా సరే. బిడ్డ వెంటనే ఏడవక డాక్టర్లు చుట్టూ చేరితే ఎవరూ చెప్పకముందే కెమెరా దించి పక్కకు తప్పుకోవాలి.

అపోహ: ఇప్పటి ఫోన్లు బాగున్నాయి, కెమెరా ఆటో మోడ్‌లో పెడితే చాలు.

ఫోన్ చాలు, ఆటో చాలదు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద వెలిగే ట్యూబులైట్లు, చౌక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. ఆటోలో షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) సెకనులో 1/60వ వంతుకు పోతే వీడియోలో నల్లటి చారలు పాకుతాయి. వాటిని తర్వాత తీసేయడం చాలా కష్టం. ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే పెట్టుకునే మోడ్) షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగుల్లో ‘పాల్ (PAL) ఫార్మాట్లు’ ఆన్ చేస్తే సెకనుకు 25 ఫ్రేములు దొరుకుతాయి, అదే మంచిది.

తెల్ల టవల్లో చుట్టిన బిడ్డను తీస్తే టవల్ వెలుగుకు ముఖం నల్లబడుతుంది. బుగ్గ మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ (వెలుగు స్థాయి) లాక్ చేయండి. అరచేతులు, అరికాళ్లు మొదటి రోజు కాస్త నీలంగా ఉండటం మామూలే. ఎడిటింగ్‌లో గులాబీ రంగు పూయకండి.

తొలి ఏడుపు దగ్గర మరో చిక్కుంది. గది నిశ్శబ్దంగా ఉంటే ఆటో మైకు తనంతట తానే శబ్దం పెంచుకుంటుంది, బిడ్డ కేరుమనగానే గొంతు పగిలిపోయి రికార్డవుతుంది. వీలుంటే మైకును మాన్యువల్‌లో పెట్టి, గట్టి శబ్దం తెర మీది సౌండ్ మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూడండి.

అపోహ: ఫ్లాష్‌తో బిడ్డ చూపు పోతుంది.

అలా పోతుందనడానికి ఆధారం లేదు. అయినా మేం వాడం, డాక్టరు దృష్టి చెదురుతుంది కాబట్టి.

అపోహ: స్నానం చేయించి, శుభ్రం చేశాకే బిడ్డను తీయాలి.

కనీసం 24 గంటలు స్నానం ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటి మీది తెల్లటి పూత మురికి కాదు, చర్మానికి రక్షణ. మొదటి గంట తల్లి గుండెల మీద, పాలు పట్టే సమయం. ఆ గంటలో షాట్ కోసం బిడ్డను ఇటు తిప్పమని, దుప్పటి తీయమని అడగకూడదు. ఏసీ గదిలో ఒళ్లు చల్లబడటానికి ఎక్కువసేపు పట్టదు. తేనె నాకించే షాటూ వద్దు. ఏడాదిలోపు పిల్లలకు తేనెతో బొట్యులిజం అనే ప్రాణాంతక విషవ్యాధి ప్రమాదం ఉంది.

అపోహ: జాతకానికి పుట్టిన సమయం వీడియోలో వచ్చేస్తుంది.

కెమెరా గడియారం నిమిషాల తేడాతో నడుస్తుండొచ్చు. ముందురోజే ఫోన్ టైముతో సరిచూడండి. ఎలాగైనా జనన నమోదుకు వెళ్లేది ఆసుపత్రి రాసుకున్న సమయమే.

అపోహ: ముందే ఆడా మగా తెలుసుకుని రంగుల పొగతో వీడియో తీయొచ్చు.

విదేశీ వీడియోలు చూసి అడుగుతుంటారు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద అది నేరం. పుట్టాక డాక్టరు చెప్పే క్షణంలో బయట తలుపు దగ్గర నానమ్మ ముఖం తీసుకోండి, ఆ షాట్‌కు ఏ రంగూ సాటి రాదు.

అపోహ: నొప్పులు మొదలవగానే మమ్మల్ని పిలవాలి.

తొలి కాన్పుకు 12 గంటలు దాటడం మామూలే. గర్భాశయ ముఖద్వారం 4–5 సెంటీమీటర్లు తెరుచుకుందని చెప్పగానే ఫోన్ చేయండి. రెండో కాన్పైతే ఇంకా ముందే, అది చకచకా అయిపోతుంది. సాయంత్రం మియాపూర్ నుంచి ఎల్బీనగర్ రావాలంటే ట్రాఫిక్ కూడా లెక్కేసుకోవాలి. 4కె నాణ్యతలో, సెకనుకు 100 మెగాబిట్స్‌తో తీస్తే గంటకు 45 జీబీ, కాబట్టి 128 జీబీ కార్డు మూడు గంటలైనా రాదు. నొప్పుల సమయమంతా తీయకుండా, గంటకు రెండు మూడు చిన్న ముక్కలు చాలు.

అపోహ: వీడియో తీస్తే దిష్టి, పురుడు వెళ్లేదాకా వద్దు.

ఇంటి పెద్దల మాట కాదనక్కర్లేదు. ఆ రోజు తీసి పెట్టుకుని, బారసాల అయ్యాక అందరికీ చూపించండి. మేం మొదటి కాపీ తల్లికే ఇస్తాం. ఆమె తీసేయమన్నది తీసేశాకే మిగతావాళ్లకు. పంపేముందు బిడ్డ చేతి పట్టీ మీది పేరు, ఆసుపత్రి నంబరు మసకబార్చండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫైళ్లు రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో ఉంచి, అందులో ఒకటి అమ్మమ్మ ఇంట్లో పెట్టండి.