బూజు కాదమ్మా, అది నూగు: సక్యులెంట్ల మీద అపోహలు - వాస్తవాలు

వానలు మొదలైతే చాలు, నా ఫోన్‌కి ఒకే రకం ఫొటోలు వస్తాయి. గులాబీలా విచ్చుకున్న సక్యులెంట్ (ఆకుల్లో నీళ్లు దాచుకునే దళసరి మొక్క), ఆకుల మీద తెల్లటి పొర, కింద ఒక ప్రశ్న: "అన్నా, బూజు పట్టింది, ఏం కొట్టాలి?" పంపే టైము చూస్తే రాత్రి పదకొండు, పన్నెండు. మొక్క గురించి నిద్ర మానుకున్నవాళ్ల మీద నాకు కోపం రాదు. కోపమంతా వాళ్లకి ఆ మాట చెప్పినవాళ్ల మీద. హైదరాబాద్‌లో ఇన్నేళ్లుగా ఈ మొక్కలు పెంచి అమ్ముతున్నాను. తెగులుతో పోయినవాటి కన్నా, లేని తెగులుకి వేసిన మందుతో పోయినవే నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చాయి.

అపోహ: ఆకు మీద తెల్లగా ఉన్నదంతా బూజే. తుడిచెయ్యాలి, వేపనూనె కొట్టాలి.

ఎచివేరియా సెటోసా, ఎచివేరియా పుల్వినాటా, ఆ రెండింటినీ కలిపి పుట్టించిన డోరిస్ టేలర్ అనే రకం. ఈ మూడింటి ఆకుల మీదా ఉండేది నూగు. మొక్క తన పైతోలులోంచి తనే మొలిపించుకున్న వెంట్రుకలు. కుర్రాడి పెదవి మీద నూగు మీసం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఎవరూ దాన్ని రోగం అనుకుని గీకరు కదా.

మన భాషలోనే ఒక చిక్కు ఉంది. రొట్టె మీద పట్టేదాన్నీ బూజే అంటాం, గోడ మూల సాలీడు కట్టేదాన్నీ బూజే అంటాం. సెంపర్వివమ్ అరాక్నాయిడియమ్ అని ఆల్ప్స్ కొండల మొక్క ఒకటి ఉంది. ఆకు కొసల్లోంచి సన్నటి పోగులు బయల్దేరి, ఒక కొస నుంచి ఇంకో కొసకి అల్లుకుని, రోసెట్ (గులాబీలా విచ్చుకున్న ఆకుల గుత్తి) మొత్తం మీద సాలెగూడు కట్టినట్టే ఉంటుంది. దాని పేరుకి అర్థమే సాలెగూటి లాంటిది అని. పాపం, పండక్కి ఇల్లు దులుపుతూ దాన్ని కూడా దులిపేసినవాళ్లు ఉన్నారు.

కాబట్టి చెయ్యి వెయ్యకముందు కన్ను వెయ్యండి. వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే 10 రెట్ల భూతద్దం చాలు. కుండీ వెనక నల్ల కాగితం పెట్టి, ఫోన్ టార్చిని పైనుంచి కాకుండా పక్కనుంచి వెయ్యండి. నూగు అయితే ఒక్కొక్క వెంట్రుకా గాజుపోగులా మెరుస్తూ కనిపిస్తుంది. మొదలు ఆకులో పాతుకుని ఉంటుంది, కొస గాలిలో ఉంటుంది. పక్కపక్కన ఉన్నవన్నీ ఇంచుమించు ఒకే పొడవు, నారుమడిలో నాటినట్టు వరసగా. లేత ఆకు మీద దట్టంగా, ముదురాకు మీద పలచగా కనిపిస్తుంది. ఆకు పెరిగేకొద్దీ వెంట్రుకల మధ్య ఎడం పెరుగుతుంది, అంతే. "కింది ఆకులకి నూగు రాలిపోతోంది" అని కంగారు పడేవాళ్లకి కూడా ఇదే జవాబు.

నిజమైన బూజు, అంటే బూడిద తెగులు అయితే ఈ వరస ఉండదు. పోగులు ఆకు మీద పడుకుని, అడ్డదిడ్డంగా కొమ్మలు వేస్తూ, మచ్చలు మచ్చలుగా పాకుతాయి. ఒక మచ్చ మీద సెల్లోటేపు అద్ది తీసి మైక్రోస్కోప్ కింద పెడితే చిన్న చిన్న కోలగింజల్లాంటి బీజాలు కనిపిస్తాయి. పెద్ద మైక్రోస్కోప్ అక్కర్లేదు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోప్ 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, మడిచి జేబులో పెట్టుకోవచ్చు. నేను ఇప్పటికీ సగం పని దానితోనే చేస్తాను.

పిండినల్లి అయితే దూదిపింజల్లా ఉంటుంది. ఆకు మధ్యలో కాదు, ఆకు కాండానికి అతుక్కునే సందులో చూడండి. అగ్గిపుల్లతో కదిపితే కాళ్లు కదులుతాయి, చుట్టూ జిగురు ఉంటుంది. ఇదొక్కటే నిజంగా వెంటనే చెయ్యి వెయ్యాల్సిన తెలుపు. ఇయర్‌బడ్‌కి స్పిరిట్ అద్ది ఆ పురుగు మీద మాత్రమే పెట్టండి, ఆకంతా కాదు.

నాలుగోది పూత. ఎచివేరియా లిలాసినా లాంటివాటి మీద విభూతి రాసినట్టు ఉండేది మొక్క తనే పూసుకున్న మైనం. భూతద్దంలో ఒక్క పోగు కూడా కనిపించదు. వేలు తగిలితే చెరిగిపోతుంది, చెరిగిన చోట ముదురాకు మీద మళ్లీ పూర్వంలా రాదు. ఎండ వాతను తట్టుకోవడానికి దానికున్న గొడుగు అది. దాన్ని మెత్తటి గుడ్డ పెట్టి నిగనిగలాడేలా తుడిచి "చూడండి ఎంత ఆరోగ్యంగా ఉందో" అని వీడియో పెట్టేవాళ్లని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది.

రెండేళ్ల కిందట ఒక పెద్దావిడ ఆటోలో, ఒళ్లో కుండీ పెట్టుకుని వచ్చారు. సెటోసా. కూతురు విదేశం వెళ్తూ అమ్మ చేతికిచ్చి వెళ్లిందట. "బాబూ, రోజూ తుడుస్తున్నాను, బూజు వదలట్లేదు" అన్నారు. తుడిచింది పిల్లలు పళ్లు తోముకునే బ్రష్షుతో. ఎవరో చెబితే సబ్బునీళ్లలో వేపనూనె కలిపి వారానికి రెండుసార్లు కొట్టారు కూడా. బయటి మూడు వరసల ఆకులు బోడిగా, గోధుమరంగు మచ్చలతో ఉన్నాయి. ఆవిడకి భూతద్దం ఇచ్చి, మధ్యలో మిగిలిన లేత ఆకు చూపించాను. చాలాసేపు చూశారు. "అయ్యో, పసిపిల్ల చెవి మీద ఉన్నట్టుందే" అన్నారు. ఆ తర్వాత మాట్లాడలేదు. మీ తప్పు కాదమ్మా, మీకు తెలుపు చూపించారు గానీ పోగు చూపించలేదు అని చెప్పి పంపాను.

నేనూ ఈ పని మొదలుపెట్టిన ఏడాది ఒక ట్రే పుల్వినాటాకి "ముందు జాగ్రత్త"గా నూనె కొట్టాను. నున్నటి ఆకు మీద మందు జారిపోతుంది. నూగు ఉన్న ఆకు మీద వెంట్రుకల మధ్య ఆగిపోతుంది. దాని మీద ఎండ పడితే ఆకు కాలుతుంది. మూడు రోజుల్లో ట్రే మొత్తం మచ్చలే. రోగం లేని మొక్కకి ముందు జాగ్రత్త అని ఏదీ కొట్టకూడదని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను.

అపోహ: నూగు గాలిలో తేమ తాగుతుంది, అందుకే రోజూ నీళ్లు చిలకరించాలి.

ఈ మాట టిలాండ్సియాల నుంచి పాకి వచ్చింది. మట్టి లేకుండా బతికే ఆ మొక్కల ఆకుల మీద పొలుసుల్లాంటి వెంట్రుకలు నిజంగానే నీళ్లు పీల్చుకుంటాయి. అమ్మేవాళ్లు రెండింటినీ ఒకే బల్ల మీద పెడతారు, సలహా కూడా ఒకటే చెప్పేస్తారు. ఎచివేరియా తాగేది వేళ్లతో. చిలకరించిన నీరు నూగు మీద ముత్యాల్లా నిలబడి, ఫొటోకి బాగుంటుంది, తర్వాత రోసెట్ నడిమధ్యకి దిగి ఆగుతుంది. మన ఆగస్టు ఉక్కలో ఆ తడి ఆరదు, మొవ్వు కుళ్లుతుంది. మట్టి పూర్తిగా ఆరాక కుండీ అంచున పోయండి, అడుగు కన్నంలోంచి కారిపోనివ్వండి.

మిగతావి గబగబా చెప్తాను. పూస్తే మొక్క చచ్చిపోతుందన్నది సెంపర్వివమ్ విషయంలో నిజం, పూసిన రోసెట్ పోతుంది, చుట్టూ పిల్లలు మిగులుతాయి. ఎచివేరియా ఏటా పూస్తుంది, ఏమీ కాదు, కాడలు కత్తిరించకండి. సక్యులెంట్లు రాత్రిపూట ఆక్సిజన్ వదులుతాయన్నది తప్పు. రాత్రి రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చి దాచుకుంటాయి, ఆక్సిజన్ పుట్టేది వెలుతురు ఉన్నప్పుడే. పిల్లి నమిలితే ఎచివేరియాతో భయం లేదు, కలాంచో అనే ఇంకో సక్యులెంట్‌తో ఉంది, అది విషమే, ఎత్తులో పెట్టండి. ఇక సెంపర్వివమ్ పేరుకి "ఎప్పటికీ బతికేది" అని అర్థం ఉన్నా, ఐరోపాలో ఇళ్ల కప్పుల మీద పెరిగే మొక్క అది. తోటమాలి తన ఇంటి మీద దాన్ని పెంచాలని పూర్వపు ఐరోపా చక్రవర్తి షార్లమేన్ కాలపు రాజాజ్ఞలోనే ఉంది, అక్కడ దాని పేరు జూపిటర్ గడ్డం. మన మే నెల ఆ చలికొండల మొక్కకి పడదు. మీ చేతిలో చచ్చిపోయిందని బాధపడకండి.

ఆ పెద్దావిడ మొన్న మళ్లీ ఫొటో పంపారు. మధ్యలో కొత్తగా విచ్చిన నాలుగు వరసలు తెల్లటి నూగుతో నిండుగా ఉన్నాయి. వాటి కింద పాత బోడి ఆకులు ఇంకా అలాగే. "వీటిని పీకెయ్యనా బాబూ" అని అడిగారు. వద్దమ్మా, వాటిలో నీళ్లున్నాయి, వాటంతటవే ఎండి కాగితంలా అయ్యాక మెల్లగా లాగితే వచ్చేస్తాయి అని రాశాను.