రోడియం చేసే పని ఎంజైమ్ చేతికి ఎలా వచ్చింది?

సిటాగ్లిప్టిన్ అనే మధుమేహ ఔషధానికి 2006లో అమెరికాలో అనుమతి లభించింది. మెర్క్ కంపెనీ అప్పట్లో అనుసరించిన పద్ధతిలో కీలక దశ రోడియం అనే అరుదైన లోహం సాయంతో, అధిక పీడనంలో హైడ్రోజన్‌ను చేర్చడం; ఆ తర్వాత సరుకులో మిగిలిన లోహపు జాడలనూ, అక్కర్లేని దర్పణ రూపాన్నీ (అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉండే అదే అణువు) తొలగించే పని ఉండనే ఉండేది. ఆ దశను ఎంజైమ్‌కు అప్పగించవచ్చని 2010లో తేలింది. అక్కడిదాకా రావడానికి అరవై ఏళ్లు పట్టింది.

1948లో మేయో క్లినిక్‌లో కీళ్లవాత రోగిపై కార్టిసోన్ అనే స్టెరాయిడ్ హార్మోన్ ఫలితం చూపాక దానికి గిరాకీ పెరిగింది గానీ, పశువుల పైత్యరసంలోని ఆమ్లంతో మొదలుపెట్టి దాన్ని తయారు చేయడానికి 30కి పైగా దశలు పట్టేవి. చిక్కంతా అణువులోని పదకొండో కార్బన్ దగ్గర ఆక్సిజన్‌ను నిలపడంలోనే. 1952లో అప్‌జాన్ కంపెనీకి చెందిన పీటర్సన్, ముర్రే ఆ పనిని రైజోపస్ బూజుతో, అంటే అందులోని ఎంజైమ్‌తో, ఒక్క దశలో చేయించారు. పాత రొట్టె మీద పట్టే బూజు జాతే అది. పెన్సిలిన్ అణువు నుంచి పక్క గొలుసును తెంపడానికి కూడా, సున్నాకు 40 డిగ్రీల దిగువన జరపాల్సిన రసాయన చర్య స్థానంలోకి క్రమంగా ఎంజైమ్ వచ్చింది.

ఇవన్నీ ప్రకృతిలో దొరికిన ఎంజైములే కాబట్టి, దొరకనిచోట పని ఆగిపోయేది. 1993లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్, ప్రోటీన్లను తెంపే సబ్టిలిసిన్ అనే ఎంజైమ్ జన్యువులో యాదృచ్ఛిక మార్పులు కలిగించి, మెరుగైన వాటిని ఏరి, మళ్లీ మార్చే పద్ధతిని చూపారు. ఆమెకు 2018లో నోబెల్ దక్కింది.

సిటాగ్లిప్టిన్ విషయంలో ఎంజైములను మలిచే కోడెక్సిస్ కంపెనీ, మెర్క్ కలిసి ఎంచుకున్న ట్రాన్సమినేస్ (అణువుకు అమైన్ సమూహాన్ని చేర్చే ఎంజైమ్)కు మొదట ఈ అణువు మీద ఏ ప్రభావమూ లేదు, ఎందుకంటే ఎంజైమ్‌లో అణువు ఇమిడే గూటిలో ఒకవైపు మిథైల్ వంటి చిన్న సమూహానికే చోటుంది. అందుకే ముందు అణువును కుదించి ఇచ్చారు, గూడును వెడల్పు చేశారు, ఆపైన అసలు అణువును అందించారు. చివరికి 27 మార్పులున్న ఆ ఎంజైమ్, సగం డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే సేంద్రియ ద్రావకం ఉన్న ద్రావణంలో, 45 డిగ్రీల వేడిలో, 99.95 శాతం శుద్ధమైన రూపాన్ని ఇచ్చింది. వ్యర్థాలు 19 శాతం తగ్గాయి. నన్నడిగితే ఆ శుద్ధత కన్నా, మామూలు ఎంజైములు చెడిపోయే ద్రావకంలో ఇది నిలబడటమే అసలు విశేషం.

2019లో మెర్క్ బృందం హెచ్‌ఐవీ మందుగా పరిశోధిస్తున్న ఇస్లాట్రావిర్‌ను తొమ్మిది ఎంజైములతో తయారు చేసింది. వాటిలో ఐదు ఇలా మలచినవే. మధ్యలో ఏ పదార్థాన్నీ వేరుచేయకుండా 51 శాతం దిగుబడి వచ్చింది.