మొక్కజొన్నలో గింజ కట్టడం: అపోహలు - వాస్తవాలు

విత్తన మొక్కజొన్న పొలాల్లో తిరగడమే నా పని. ఆడ వరుసల్లో జల్లు (మొక్క కొన మీద పుప్పొడినిచ్చే మగ పూత) తీసేశాక ప్రతి రైతుకూ ఒకటే టెన్షన్: గింజ కట్టిందా, లేదా?

అపోహ: పీచు మీద పుప్పొడి కనిపిస్తే గింజ కట్టినట్టే.

వాస్తవం: అప్పటికి ప్రయాణం మొదలైందంతే. పుప్పొడి రేణువు పీచు నూగుకు అంటుకుని మొలకెత్తుతుంది, సన్నటి పరాగనాళాన్ని పోగు లోపలికి దించుతుంది. రెండు పురుష బీజకణాలు ఆ నాళంలోనే దిగుతాయి. పోగు అడుగు పొడవున్నా దాదాపు ఒక్క రోజులో అండం దాకా చేరాలి. ఎండకు పీచు వాడిపోతే నాళం దారిలోనే ఆగిపోతుంది.

పుప్పొడి పడిన మూడు నాలుగు రోజులకు ఒక కండె తెంపి, పోగులు తెగకుండా పై ఆకుపొరలు విప్పి మెల్లగా దులపండి. ఫలదీకరణ జరిగిన చోట పోగు మొదట్లోనే ఊడి రాలిపోతుంది, జరగని చోట పట్టుకునే ఉంటుంది. కండె కొనలో మిగిలినా అప్పుడే కంగారు పడొద్దు, అక్కడి పీచు అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది.

అపోహ: నాళం గుడ్డిగా పెరుగుతుంది, అండానికి తగిలితే తగిలినట్టు.

వాస్తవం: నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇదే. అండకణం పక్కన రెండు సహాయక కణాలుంటాయి. ఈ మూడూ కలిసి ఈఏ1 అనే చిన్న ప్రోటీన్ తయారుచేసి, దగ్గరికొచ్చిన నాళాన్ని పిలుస్తాయి. 2005లో వెలువడిన పరిశోధనలో, ఆ ప్రోటీన్‌ను తగ్గించిన మొక్కల్లో నాళాలు గుమ్మం దాకా వచ్చి దారి తప్పాయి. నాళం సరైన చోటికి చేరాక సహాయక కణాల నుంచే ఈఎస్4 అనే మరో ప్రోటీన్ దాని కొనలో పొటాషియం ద్వారాలు తెరిపిస్తుంది. నాళం పగిలి బీజకణాలు బయటపడతాయి. అది పగలకపోతే గింజ లేదు.

అపోహ: ఒక పోగు మీద ఎంత పుప్పొడి పడితే గింజ అంత లావు.

వాస్తవం: కాదు. ఒక పోగుకు ఒకటే గింజ, దానికి ఒక నాళం చాలు.

అపోహ: పక్క పొలం పుప్పొడి ప్రభావం వచ్చే పంటలోనే కనిపిస్తుంది.

వాస్తవం: తెల్ల మొక్కజొన్న కండెలో అక్కడక్కడా పసుపు గింజలు చూసే ఉంటారు. ఒక బీజకణం అండకణంతో కలిసి పిండమవుతుంది. రెండోది అండంలోనే ఉండే మధ్యకణం అనే మరో కణంతో కలిసి మనం తినే పిండి భాగమవుతుంది. ఈ జంట కలయికను 1898లో రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు నవాషిన్ లిల్లీలో గుర్తించాడు. ఆ పిండిలో తల్లివి రెండు వంతులైతే తండ్రిది ఒక వంతు, రంగు మార్చడానికి అది చాలు. తీపి మొక్కజొన్న మీద మామూలు రకం పుప్పొడి పడితే ఆ గింజల తీపి ఈ పంటలోనే తగ్గిపోతుంది. అందుకే తీపి రకం వేసేవాళ్లను, పక్క చేలో ఏం వేశారో, ఎప్పుడు పూతకొస్తుందో ముందే కనుక్కోమంటాను.