డ్రైవ్ మీద నడిచే మోటార్లు: అపోహలు, వాస్తవాలు

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో, నెల్లూరు రైస్ మిల్లుల్లో మోటార్ల లోపాలు చూడటం నా పని. వేగం మార్చే డ్రైవులు వచ్చాక కొన్ని మాటలు ఎక్కడికెళ్లినా వినిపిస్తున్నాయి.

అపోహ: డ్రైవ్ ఓవర్ కరెంట్ అని ట్రిప్ అయితే వైండింగ్ (మోటార్ లోపలి తీగ చుట్లు) పోయినట్టే.

వాస్తవం: కరెంట్ హద్దు దాటిందనే డ్రైవ్ చెబుతుంది, కారణం చెప్పదు. యాక్సిలరేషన్ టైమ్ (మోటార్ వేగం అందుకోవడానికి ఇచ్చే సమయం) మరీ తక్కువ పెట్టినా, బ్లోయర్ బిగుసుకున్నా, కేబుల్ దెబ్బతిన్నా అదే ట్రిప్. నెల్లూరు దగ్గర ఒక మిల్లులో బ్లోయర్ మోటార్‌కి ఒకే సీజన్‌లో రెండుసార్లు రీవైండింగ్ చేయించారు. రెండుసార్లూ పాత రోటరే (మోటార్ లోపల తిరిగే భాగం) మళ్లీ లోపలికి వెళ్లింది. చివరికి చూస్తే విరిగినవి రోటర్ బార్లు, అంటే రోటర్‌లో కరెంట్ మోసే కడ్డీలు. ఆ యజమాని డబ్బులు అలా పోవడం నాకు ఇప్పటికీ బాధే.

అపోహ: రోటర్ బార్ విరిగితే, మోటార్ కరెంట్‌ని ఫ్రీక్వెన్సీల వారీగా విడదీసి చూపే గ్రాఫ్‌లో 48, 52 హెర్ట్జ్ దగ్గర గీతలు లేవాలి. లేవకపోతే మోటార్ బాగున్నట్టే.

వాస్తవం: అది 50 హెర్ట్జ్ మీద నేరుగా నడిచే నాలుగు పోల్స్ మోటార్ లెక్క. నిమిషానికి 1500 తిరగాల్సింది 1470 తిరిగితే స్లిప్ (వేగంలో వెనకబాటు) 2 శాతం. దానికి రెట్టింపు 4 శాతం, అంటే 50లో 2 హెర్ట్జ్, అటూ ఇటూ. అదే మోటార్‌కి డ్రైవ్ 40 హెర్ట్జ్ ఇస్తూ, షాఫ్ట్ 1170 తిరుగుతుంటే వెతకాల్సింది 38, 42 దగ్గర. కాబట్టి ముందు డ్రైవ్ ఇచ్చే హెర్ట్జ్, షాఫ్ట్ వేగం, ఈ రెండు అంకెలూ రాసుకోవాలి. లోడ్ తగ్గేకొద్దీ ఆ గీతలు మధ్య గీతకు (మోటార్‌కి ఇచ్చే హెర్ట్జ్ దగ్గర ఉండే పెద్ద గీత) దగ్గరగా జరుగుతాయి, ఖాళీగా తిప్పితే అందులోనే కలిసిపోతాయి. రికార్డు చేస్తుండగా వేగం మారిందా, గ్రాఫంతా చెదిరిపోతుంది. 10 సెకన్ల రికార్డుతో 0.1 హెర్ట్జ్ తేడా వరకు చూడొచ్చు. అందుకే ఆపరేటర్‌ని బతిమాలైనా సరే, లోడ్ మీద అర నిమిషం వేగం కదపకుండా ఉంచమంటాను.

ఇంకో చిక్కు. రాయి కోసే గ్యాంగ్ సా లాంటి ముందుకూ వెనక్కూ ఊగే మెషిన్‌లో ఆ ఊపే కరెంట్‌లో ఇలాంటి గీతలు లేపుతుంది. ఊపు లెక్క తేల్చుకోకుండా రోటర్ విప్పమని చెప్పడం అన్యాయం.

అపోహ: డ్రైవ్ ఉంటే కరెంట్ చూసి లోపం పట్టలేం.

వాస్తవం: కష్టమే కానీ పట్టొచ్చు. డ్రైవ్ స్విచింగ్ గోల చాలావరకు కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది, మనం చూసేది కింద పదుల హెర్ట్జ్‌లో. వెక్టర్ కంట్రోల్ డ్రైవ్ మాత్రం కరెంట్‌ని ఎప్పటికప్పుడు సర్దుతూ ఉంటుంది. దాంతో లోపం గుర్తు కొంత వోల్టేజ్‌లోకి జారుతుంది. అలాంటి చోట రెండూ కలిపి చూడాలి.

అపోహ: ఏ క్లాంప్ మీటరైనా చాలు, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) ఎలా పెట్టినా ఫర్వాలేదు.

వాస్తవం: డ్రైవ్ అవుట్‌పుట్‌లో ట్రూ ఆర్‌ఎంఎస్ (కరెంట్ అల ఆకారం ఎలా ఉన్నా సరిగ్గా కొలిచేది) కాని మీటర్ తప్పు చూపిస్తుంది. మెగ్గర్ పెట్టే ముందు మోటార్ కేబుల్‌ని డ్రైవ్ నుంచి తప్పకుండా విప్పాలి. విప్పకుండా 500 వోల్టులు పెడితే డ్రైవ్ లోపలి ట్రాన్సిస్టర్లు పోవచ్చు.