షేక్‌స్పియర్ 1,700 మాటలు పుట్టించాడా? ఇంగ్లిష్ మాటల పుట్టుక: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇంగ్లిష్‌లో 1,700 మాటలు షేక్‌స్పియర్ సొంతంగా సృష్టించినవే.

క్విజ్ పుస్తకాల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో, ఆఖరికి ఎంఏ ప్రాజెక్టు రిపోర్టుల్లో కూడా ఈ అంకె తిరుగుతూనే ఉంది. దీన్ని నమ్మి మొత్తం చాప్టర్ రాసుకున్నాక వైవాలో దొరికిపోయే పిల్లల్ని చూస్తే జాలేస్తుంది. అందుకే ముందు దీని సంగతి తేల్చాలి.

ఈ లెక్కకు మూలం ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ, అంటే ఓఈడీ. అందులో ప్రతి అర్థం కింద ఆ మాట వాడిన వాక్యాలు తేదీల వరసన ఉంటాయి. మొదటి వాక్యం ఎవరిదో మాట కూడా వాళ్లే పుట్టించారని జనం అనుకుంటారు. నిజానికి ఆ తేదీ, వెతికినవాళ్లకు ఇంతవరకు దొరికిన అన్నిటికంటే పాత జాడ. రేపు ఇంకా పాత పుస్తకంలో అదే మాట కనిపిస్తే ఆ తేదీ వెనక్కి జరుగుతుంది. జరుగుతోంది కూడా. 2000 నుంచి సాగుతున్న సవరణలో షేక్‌స్పియర్ పేరున ఉన్న మాటలు చాలా పాతవాళ్ల ఖాతాలోకి పోయాయి.

మరి ఆయన పేరే అన్నిసార్లు ఎందుకొచ్చింది? ఆ వాక్యాలు పోగైన తీరు చూడండి. 1879లో జేమ్స్ మరే ఎడిటర్ అయ్యాక, పుస్తకాలు చదివి చీటీలు పంపమని వాలంటీర్లను అడిగాడు. చీటీకి ఎడమ పై మూలన మాట, దాని కింద తేదీ, రచయిత, పుస్తకం, పేజీ, ఆపైన వాక్యం. డిక్షనరీ మొదటి భాగం 1884లో, చివరిది 1928లో అచ్చయ్యాయి. వాలంటీర్లు సహజంగానే పేరున్న పుస్తకాలు ఎక్కువ చదివారు. పైగా షేక్‌స్పియర్ నాటకాలకు మేరీ కౌడెన్ క్లార్క్ తయారుచేసిన పదసూచిక 1845కే ఉంది. ఏ మాట ఏ నాటకంలో ఉందో చూడాలంటే పేజీ తిప్పితే చాలు. అదే కాలంలో కరపత్రాలు రాసిన థామస్ నాష్‌ను అంత ఓపిగ్గా చదివినవాళ్లు లేరు. జర్మన్ పండితుడు యూర్గెన్ షేఫర్ 1980లో ఈ ఇద్దరి రచనల్నీ ఓఈడీతో పోల్చి, నాష్ మాటలు ఎన్ని జారిపోయాయో చూపించాడు.

ఇంకో మాట. నాటకం చూసేవాడికి పేజీ వెనక్కి తిప్పే వీలుండదు. చెవిన పడగానే అర్థం కావాలి. తెలియని మాటలు వందల్లో దొర్లిస్తే నిలబడి చూస్తున్న జనం వినరు. షేక్‌స్పియర్ కొత్త మాటలు కట్టలేదని కాదు. కట్టాడు. ఎక్కువగా తెలిసిన మాటకే ముందు ‘అన్’, వెనక ‘లెస్’ తగిలించాడు, నామవాచకాన్ని క్రియగా వాడాడు. ఎన్ని అంటే, కచ్చితమైన అంకె చెప్పడానికి ఆధారం ఎవరి దగ్గరా లేదు.

ప్రాజెక్టులో “ఫలానావాడు సృష్టించాడు” అని రాసేముందు ఇవి చూడండి. ఓఈడీలో ఆ ఎంట్రీ సవరించిందా, వందేళ్ల నాటిదేనా? ఎంట్రీలోనే రాసి ఉంటుంది. తర్వాత, 1700 వరకు అచ్చయిన పుస్తకాలున్న ఈబో (EEBO) డేటాబేస్‌లో మాటను పాత స్పెల్లింగులతో కూడా వెతకండి. అప్పట్లో మాట మొదట్లో ‘వి’, మధ్యలో ‘యు’ రాసేవారు. గూగుల్ బుక్స్ లాంటి చోట్ల స్కాన్ చేసిన పుస్తకాల్లో, ‘ఎఫ్’లా కనిపించే పాతకాలపు పొడుగు ‘ఎస్’ను కంప్యూటర్ తరచూ ‘ఎఫ్’గానే చదువుతుంది. ఈ రెండూ మరిస్తే ఉన్న మాట కూడా లేనట్టే కనిపిస్తుంది. గూగుల్ బుక్స్‌లో పత్రికలకు మొదటి సంపుటం ఏడాదే తేదీగా పడుతుంటుంది, కాబట్టి ఆ పేజీ మీది తేదీ కళ్లారా చూడనిదే రాయొద్దు. రాసిన ఏడాది, అచ్చయిన ఏడాది విడివిడిగా రాసుకోండి. ఇంగ్లిష్ రచయిత హోరెస్ వాల్‌పోల్ ‘సెరెండిపిటీ’ (వెతకనిది అదృష్టంకొద్దీ దొరకడం) అనే మాటను 1754 జనవరి 28న ఒక ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరం అచ్చయింది 1833లో. జనం నోళ్లలో నలిగింది 20వ శతాబ్దంలో. చివరిగా, రచయిత ఆ మాటకు అక్కడే అర్థం చెప్పాడా? వాల్‌పోల్ చెప్పాడు, ఎలా కట్టాడో కూడా వివరించాడు. సృష్టికి గట్టి సాక్ష్యమంటే అదీ.

అపోహ: ‘ప్రీపోన్’ మనవాళ్లు చేసిన తప్పు.

ఈ ఒక్క మాట వాడినందుకు ఆఫీసుల్లో తల దించుకున్నవాళ్లున్నారు. దించుకోనక్కర్లేదు. 1913లో న్యూయార్క్ టైమ్స్‌కు ఒక పాఠకుడు ఉత్తరం రాసి, ‘పోస్ట్‌పోన్’కు జోడీగా ఈ మాటను ప్రతిపాదించాడు. అక్కడ అతుక్కోలేదు, మనకు అవసరమై ఇక్కడ నిలబడింది. ఓఈడీలో ఉంది. మన దేశంలో ధైర్యంగా వాడండి. బ్రిటన్, అమెరికా వాళ్లకు రాసేటప్పుడు మాత్రం ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అంటే వెంటనే అర్థమవుతుంది.

అపోహ: డిక్షనరీలో కొత్తగా చేరితే కొత్త మాట, అవన్నీ బట్టీ పట్టాలి.

వద్దు. అన్నయ్య అనే అర్థంలో ‘అన్న’ ఓఈడీలోకి వచ్చింది 2017లో. మనం ఎప్పటినుంచి పిలుస్తున్నాం? చేరిన తేదీకీ మాట వయసుకూ సంబంధం లేదు. డిక్షనరీలో ఉందంటే మాట ఉన్నట్టేనని కూడా అనుకోవద్దు. 1934 నాటి అమెరికన్ డిక్షనరీ వెబ్‌స్టర్‌లో ‘డార్డ్’ అంటే సాంద్రత అని ఉంది. ‘డి ఆర్ డి’ (D or d), అంటే పెద్ద ‘డి’ గానీ చిన్న ‘డి’ గానీ సాంద్రతకు గుర్తు అని టైపు చేసిన చీటీని ఒకే మాటగా చదివేశారు. పొరపాటు 1939లో గానీ పట్టుబడలేదు.

అపోహ: ‘న్యూస్’ అంటే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు.

కాదు. ‘న్యూ’కు బహువచనం, అంతే. ‘పాష్’, ‘టిప్’ మాటలకు చెప్పే ఇలాంటి పొడి అక్షరాల కథలూ ఇంతే. 20వ శతాబ్దానికి ముందు మాటకు పొడి అక్షరాల కథ చెబితే దాదాపు ఎప్పుడూ కల్పితమే.

అపోహ: గొప్ప రచయిత పుట్టిస్తే మాట నిలుస్తుంది.

లూయిస్ కారల్ 1871లో ఒకే పద్యంలో ‘చార్టల్’, ‘స్లైదీ’ రెండూ రాశాడు. ‘చకల్’, ‘స్నార్ట్’ కలిసిన ‘చార్టల్’ వినగానే నవ్వని తెలుస్తుంది, అందరూ వాడుకున్నారు. ‘స్లైదీ’ పద్యంలోనే ఉండిపోయింది. జెలెట్ బర్జెస్ 1914లో ఏకంగా వంద మాటలతో పుస్తకమే వేశాడు. నేడు అందరికీ తెలిసింది ‘బ్లర్బ్’ (పుస్తకం అట్ట మీది పొగడ్త) ఒక్కటే. మరోవైపు ‘బ్యాండికూట్’ను ఏ రచయితా పుట్టించలేదు. మన పందికొక్కే అది. జనం నోట ఇంగ్లిష్‌లోకి వెళ్లి, తర్వాత ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు పేరైంది.

సొంత మాటను డిక్షనరీలో చేర్పించాలని తాపత్రయపడే యువ రచయితలకు ఒక జాగ్రత్త. చేర్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి, ఓఈడీకి ఫీజు లేదు. వాళ్లు చూసేది, ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషులు కొన్నేళ్లపాటు ఆ మాటను అదే అర్థంలో వాడారా అని. మీ పుస్తకంలో యాభైసార్లు వాడినా అది ఒక్కరి వాడకమే. ఇతరులు వాడిన వాక్యాలు తేదీ, పుస్తకం, పేజీ నంబరుతో పోగుచేసి పంపండి.